బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయిస్తే ఆసుపత్రి ఖర్చు నిజంగా తగ్గుతుందా?

మీ అన్నగారి వయసు 42, బరువు 118 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు అని రాశారు. అయిదేళ్లుగా మధుమేహం ఉందని, ఏడాది కిందట ఇన్సులిన్ మొదలైందని, నిద్రలో శ్వాస ఆగిపోయే సమస్య కూడా ఉందని చెప్పారు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీకి (జఠరంలో ఎక్కువ భాగాన్ని తీసివేసే శస్త్రచికిత్స) గాని, గ్యాస్ట్రిక్ బైపాస్‌కు (జఠరాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే శస్త్రచికిత్స) గాని సుమారు 4 లక్షలు అవుతుందని ఆసుపత్రివారు చెప్పి, మందులు, ఆసుపత్రి బిల్లులు తగ్గడం వల్ల ఆ డబ్బు మూడు నాలుగేళ్లలో తిరిగి వచ్చేస్తుందని కౌన్సెలింగ్‌లో హామీ ఇచ్చారట. ఆ మాట నమ్మి అప్పు చేయవచ్చా అన్నది మీ ప్రశ్న. ఆరోగ్య బీమా క్లెయిములను వైద్యపరంగా పరిశీలించే ఉద్యోగంలో చాలా కాలం ఉన్నాను, ఈ శస్త్రచికిత్స ఖర్చులపై వచ్చిన పరిశోధనలను శ్రద్ధగా చదివాను. ఆ రెంటినీ కలిపి సమాధానం ఇస్తున్నాను.

ముందుగా సూటిగా చెబుతాను. మీరు చెప్పిన వివరాలను బట్టి మీ అన్నగారికి ఈ శస్త్రచికిత్స మేలు చేసే అవకాశం బాగా ఉంది. అయితే డబ్బు తిరిగి వస్తుందన్న హామీకి దీర్ఘకాలిక ఆధారాలు లేవు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. రెంటినీ ముడిపెట్టి నిర్ణయం తీసుకుంటే, ఆ డబ్బు రాని రోజున శస్త్రచికిత్సే విఫలమైందన్న నిరాశ కుటుంబంలో మొదలవుతుంది. అందుకే ఖర్చు లెక్కను విడిగా, వివరంగా చెప్పవలసి వస్తోంది.

ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ కాలం సాగిన పరిశీలన స్వీడన్‌లో జరిగింది. స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్ అనే ఆ అధ్యయనం 1987లో మొదలై, 2001 వరకు మనుషులను చేర్చుకుంది. శస్త్రచికిత్స చేయించుకున్నవారు 2,010 మంది. వయసు, బరువు, ఇతర లక్షణాలలో వారిని పోలి ఉండి, శస్త్రచికిత్స లేకుండా మామూలు వైద్యం తీసుకున్నవారు 2,037 మంది. స్వీడన్‌లో ప్రతి పౌరుడికీ ఒక గుర్తింపు సంఖ్య ఉండటం, ఆసుపత్రి చేరికలన్నీ జాతీయ రిజిస్టరులో నమోదు కావడం వల్ల, రోగి ఊరు మారినా, డాక్టరును మార్చినా అతడి ఖర్చు లెక్కలోంచి జారిపోలేదు. బీమా కంపెనీల సమాచారంతో చేసే పరిశోధనలకు లేని బలం ఇదే. పాలసీదారు కంపెనీ మారిన రోజునే మా దగ్గర అతడి కథ ఆగిపోతుంది.

ఇరవై ఏళ్ల ఆసుపత్రి వినియోగంపై ఈ అధ్యయనం ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఇరవై ఏళ్లలో సగటున 54 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చేయించుకోనివారు 40 రోజులు ఉన్నారు. మొదటి ఏడాదిలో శస్త్రచికిత్స కోసమే చేరారు కనుక ఆ తేడా సహజమే అనుకుందాం. రెండో ఏడాది నుంచి ఆరో ఏడాది వరకు చూసినా, శస్త్రచికిత్స బృందంలో ఏడాదికి సగటున 1.7 రోజులు, మరో బృందంలో 1.2 రోజులు నమోదయ్యాయి. ఏడో ఏడాది నుంచి ఇరవయ్యో ఏడాది వరకు రెండు బృందాలకూ తేడా లేదు. ఏడాదికి సగటున 1.8 రోజులే. అంటే మొదట ఎక్కువగా ఉన్న ఆసుపత్రి వాసం తరువాత సమానమైందే తప్ప, ఏ దశలోనూ తక్కువ కాలేదు. తగ్గినవి మందుల ఖర్చులు. ఏడో ఏడాది నుంచి శస్త్రచికిత్స చేయించుకున్నవారి మందులకు ఏడాదికి సగటున 930 డాలర్లు, చేయించుకోనివారికి 1,123 డాలర్లు అయ్యాయి. ఏడాదికి సుమారు రెండు వందల డాలర్ల ఆదాతో శస్త్రచికిత్స ఖర్చు ఎన్నేళ్లకు తీరుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

అయితే ఈ సగటులో మధుమేహం ఉన్నవారు, లేనివారు కలిసిపోయారు. మీ అన్నగారికి వర్తించే లెక్క 2015లో వచ్చింది. అదే అధ్యయనంలోని వ్యక్తులను చేరిన నాటి రక్తంలో చక్కెర స్థాయిని బట్టి మూడుగా విడదీసి, పదిహేనేళ్ల మొత్తం వైద్య ఖర్చును పోల్చారు. చక్కెర మామూలుగా ఉన్నవారిలో శస్త్రచికిత్స బృందానికి సుమారు 22,000 డాలర్లు ఎక్కువైంది. మధుమేహానికి ముందు దశలో ఉన్నవారిలో ఆ తేడా సుమారు 26,000 డాలర్లు. మధుమేహం ఉన్నవారిలో మాత్రం పదిహేనేళ్ల మొత్తంలో గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వీరి మందుల ఖర్చు పదిహేనేళ్లలో సుమారు 5,500 డాలర్లు తగ్గింది, కానీ ఆసుపత్రి చేరికల ఖర్చు పెరిగి ఆ ఆదాను మింగేసింది. ఇన్నేళ్ల పరిశీలనలో శస్త్రచికిత్సకు అనుకూలంగా వచ్చిన మంచి లెక్క ఇదే: మధుమేహ రోగికి శస్త్రచికిత్స చేయించడం వల్ల ఆరోగ్య వ్యవస్థకు అదనపు భారం పడిందని గణాంకపరంగా తేలలేదు. లాభం మిగిలిందని మాత్రం ఆ లెక్క చెప్పలేదు.

అమెరికాలో వచ్చిన ఫలితాలూ దీనికి దగ్గరగానే ఉన్నాయి. బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ బీమా పథకాలలో 2002 నుంచి 2008 మధ్య శస్త్రచికిత్స చేయించుకున్న 29,820 మంది ఖర్చులను పరిశీలించి 2013లో ప్రచురించారు. మందులు, డాక్టరు సందర్శనల ఖర్చు తగ్గింది, ఆసుపత్రి చేరికల ఖర్చు పెరిగింది, మొత్తం మీద ఆదా లేదు. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థలో శస్త్రచికిత్స చేయించుకున్న 2,498 మందిని, చేయించుకోనివారితో పోల్చి, పదేళ్ల వరకు గమనించిన మరో పరిశోధన 2019లో వచ్చింది. అయిదో ఏడాది నుంచి పదో ఏడాది వరకు రెండు బృందాల ఖర్చులూ ఒకే స్థాయిలో ఉన్నాయని అది తేల్చింది. మూడు వేర్వేరు వ్యవస్థలు, మూడు రకాల రోగులు, అయినా సమాధానం ఒకే దిశలో ఉండటం గమనించదగినది.

బరువు తగ్గి, చక్కెర అదుపులోకి వచ్చి, మనిషి ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడు ఆసుపత్రి ఖర్చు ఎందుకు తగ్గదన్నది సహజమైన సందేహం. దీనికి కారణాలు అనేకం.

మొదటిది, ఈ శస్త్రచికిత్స కొన్ని కొత్త ఆసుపత్రి అవసరాలను తెస్తుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడటం సర్వసాధారణం. అందుకే చాలామంది సర్జన్లు తొలి ఆరు నెలలు అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. బైపాస్ తరువాత పొట్టలో కొత్తగా ఏర్పడిన సందులలోకి పేగు జారి బిగుసుకుపోయే ప్రమాదం ఏళ్ల తరువాత కూడా ఉంటుంది, అది అత్యవసర శస్త్రచికిత్సకు దారితీస్తుంది. జఠరాన్ని, పేగును కలిపిన చోట పుండు పడవచ్చు. పొగ తాగేవారిలో, కీళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువ. స్లీవ్ చేయించుకున్న కొందరిలో ఆమ్లం గొంతులోకి ఎగదన్నే బాధ తీవ్రమై, స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవలసి వస్తుంది. ఇనుము, బి12 లోపించి రక్తహీనత ముదిరితే సిరల ద్వారా ఇనుము ఎక్కించడానికి ఆసుపత్రికి వెళ్లాలి. వేలాడే చర్మాన్ని తొలగించే శస్త్రచికిత్స మరో ఖర్చు. దానిని చాలా బీమా పాలసీలు సౌందర్య చికిత్సగా భావించి చెల్లించవు.

రెండోది, మంచికి సంబంధించిన కారణం. అధిక బరువు వల్ల మత్తుమందు ఇవ్వడం ప్రమాదమని వాయిదా పడుతూ వచ్చిన మోకాలి మార్పిడి, హెర్నియా వంటివి బరువు తగ్గాక చేయించుకోగలుగుతారు. ఖాతాలో అది ఖర్చుగానే కనిపిస్తుంది, కానీ ఆ మనిషి మళ్లీ నడవగలుగుతున్నాడు. దానికి తోడు, ఎక్కువ కాలం జీవించే మనిషి ఎక్కువ కాలం వైద్యం తీసుకుంటాడు. స్వీడన్ అధ్యయనంలో శస్త్రచికిత్స చేయించుకున్నవారి ఆయుర్దాయం చేయించుకోనివారి కంటే సుమారు మూడేళ్లు ఎక్కువని 2020లో తేలింది. చనిపోయినవారి వైద్య ఖర్చు సున్నా. కేవలం డబ్బుతో కొలిచే పద్ధతిలో ఆయుష్షు కూడా నష్టాల పట్టికలోకే చేరుతుంది, అందుకే ఆ పద్ధతి ఒక్కటే ఆధారంగా వైద్య నిర్ణయం తీసుకోవడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు.

మూడోది, ఫలితం కాలంతో కొంత కరుగుతుంది. స్వీడన్ అధ్యయనంలో శస్త్రచికిత్స చేయించుకున్న మధుమేహ రోగులలో రెండేళ్లకు మధుమేహం వెనక్కి తగ్గినవారు 72 శాతం కాగా, పదిహేనేళ్లకు ఆ స్థితి నిలిచింది 30 శాతం మందిలోనే. మధుమేహం వచ్చిన తొలి సంవత్సరాలలో శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఫలితం మెరుగ్గా, ఎక్కువ కాలం ఉంది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవారికి తక్కువ. మీ అన్నగారికి మధుమేహం అయిదేళ్లది, ఇన్సులిన్ ఏడాదిది. ఖర్చు కూడబెట్టుకుందామని మరో అయిదేళ్లు ఆగడం వల్ల ఈ అవకాశం తరుగుతుందన్నది మీరు గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. స్వీడన్ అధ్యయనంలో ఎక్కువమందికి చేసినది జఠరానికి నిలువుగా కుట్లు వేసి పట్టీ బిగించే పాత పద్ధతి. అది ఇప్పుడు దాదాపు ఎవరూ చేయడం లేదు. బైపాస్ చేయించుకున్నవారు వారిలో 13 శాతమే, పైగా చాలావరకు కడుపు కోసి చేసినవి. ఇప్పటి లాప్రోస్కోపీ పద్ధతిలో ఆసుపత్రిలో ఉండేది రెండు మూడు రోజులు, కోత చిన్నది, కోత దగ్గర హెర్నియాలు తక్కువ. కాబట్టి ఇప్పటి రోగి తొలి ఏళ్ల ఖర్చు ఆ లెక్క కంటే తక్కువగా ఉండాలనడం సబబే. అయితే అమెరికా పరిశోధనలలో లాప్రోస్కోపీ రోగులు కూడా ఉన్నారు, అక్కడా నికరమైన ఆదా కనిపించలేదు.

మరి రెండు నుంచి నాలుగేళ్లలో డబ్బు తిరిగి వస్తుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? 2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన సరిగ్గా ఆ మాటే చెప్పింది. ఆ పరిశోధనకు నిధులు ఇచ్చినది ఈ శస్త్రచికిత్సలలో జఠరాన్ని కోసి కుట్లు వేయడానికి వాడే స్టాప్లర్ పరికరాలు తయారుచేసే ఎథికాన్ ఎండో సర్జరీ సంస్థ. నిధులు ఇచ్చినంత మాత్రాన లెక్క తప్పని నేను అనను, కానీ పోలిక పద్ధతిలో లోపాలున్నాయి. బీమా క్లెయిములలో రోగి బరువు, ఎత్తు సాధారణంగా నమోదు కావు. స్థూలకాయం అన్న రోగ నిర్ధారణ కోడు ఉన్నవారినే పోలికకు తీసుకోవలసి వస్తుంది. శస్త్రచికిత్స చేయించుకోకుండానే ఆ కోడు క్లెయిములో పడిందంటే, ఆ వ్యక్తి ఇతర జబ్బులతో ఆసుపత్రికి తరచుగా వెళ్తున్నవాడయ్యే అవకాశం ఎక్కువ. అంతటి రోగితో పోలిస్తే ఎవరి ఖర్చయినా తక్కువగానే కనిపిస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. శస్త్రచికిత్సకు ముందు ఆరు నెలలలో ఎండోస్కోపీ, గుండె పరీక్షలు, నిద్ర పరీక్ష, నిపుణుల సలహాలతో రోగి ఖర్చు మామూలు కంటే పెరుగుతుంది. ఆ పెరిగిన ఖర్చును ప్రాతిపదికగా పెట్టుకుని, తరువాతి ఖర్చును దానితో పోలిస్తే పెద్ద తగ్గుదల కనిపిస్తుంది. మీకు ఆసుపత్రిలో చూపించిన పట్టికలో కూడా శస్త్రచికిత్సకు ముందటి ఏడాది ఖర్చునే మూలంగా తీసుకున్నారేమో గమనించండి.

ఇప్పటివరకు చెప్పినది ప్రభుత్వాలు, బీమా సంస్థలు భరించిన ఖర్చు. మీ కుటుంబం లెక్క వేరు. ఈ తేడాను మన దగ్గర ఎవరూ వివరించడం లేదన్న బాధతోనే ఇంత పొడవుగా రాస్తున్నాను. మన దేశంలో సాధారణ ఆరోగ్య బీమా పాలసీ ఆసుపత్రిలో చేరితే చెల్లిస్తుంది. నెలనెలా కొనే మందులు, ఇన్సులిన్, పరీక్షలు, కన్సల్టేషన్లు మన జేబులోంచి పోతాయి. శస్త్రచికిత్స తరువాత తగ్గేది మందుల ఖర్చు, పెరిగేది ఆసుపత్రి చేరికల ఖర్చు. కాబట్టి సరైన పాలసీ ఉన్న కుటుంబానికి, పెరిగే ఖర్చును బీమా భరిస్తుంది, తగ్గే ఖర్చు వారికే మిగులుతుంది. పాలసీ లేని కుటుంబానికి ఇది పూర్తిగా తలకిందులవుతుంది. 4 లక్షల అప్పు, దానిపై వడ్డీ, తరువాత ఎప్పుడైనా పిత్తాశయం తీయవలసి వస్తే మరో అప్పు. పైగా మన దగ్గర మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వంటి మధుమేహపు జెనరిక్ మాత్రలు చవక, కనుక మందులలో మిగిలేది స్వీడన్‌లోకంటే తక్కువే ఉంటుంది. ఇన్సులిన్, ఖరీదైన కొత్త మాత్రలు మానగలిగినవారికే చెప్పుకోదగిన ఆదా కనిపిస్తుంది. ఆ ఆదాలోంచి జీవితాంతం వాడవలసిన మల్టీవిటమిన్, ఇనుము, కాల్షియం, డి విటమిన్, బి12, ప్రోటీన్ పొడి, ఏడాదికోసారి చేయించవలసిన రక్తపరీక్షల ఖర్చు తీసివేయాలి.

అందువల్ల అప్పు కంటే ముందు పాలసీ కాగితాలు తీయండి. స్థూలకాయ చికిత్సను పూర్తిగా మినహాయించే పాత అలవాటును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన ప్రామాణిక మినహాయింపుల మార్గదర్శకాలు మార్చాయి. వాటి ప్రకారం డాక్టరు సలహాపై, వైద్య ప్రమాణాలకు అనుగుణంగా, 18 ఏళ్లు నిండిన వ్యక్తికి చేసే శస్త్రచికిత్సను రెండు సందర్భాలలో మినహాయింపు నుంచి తప్పించారు. బీఎంఐ (కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య) 40 గాని అంతకు మించి గాని ఉండటం ఒకటి. 35 గాని అంతకు మించి గాని ఉండి, బరువు తగ్గే ఇతర మార్గాలు విఫలమై, స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండరాల వ్యాధి, హృద్రోగం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోవడం), అదుపు తప్పిన టైప్ 2 మధుమేహం వంటివి ఉండటం రెండోది. మీరిచ్చిన కొలతల ప్రకారం మీ అన్నగారి బీఎంఐ సుమారు 41.8, అంటే మొదటి సందర్భంలోకే వస్తారు. అయినా పాలసీ తీసుకున్నప్పుడు మధుమేహాన్ని ప్రకటించారా, ముందునుంచి ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి ఆగవలసిన గడువు (వెయిటింగ్ పీరియడ్) పూర్తయిందా అన్నవి చూడాలి. 2024 నుంచి ఆ గడువు గరిష్ఠంగా 36 నెలలు. కొన్ని పాలసీలు ఈ శస్త్రచికిత్సకు విడిగా గడువు, విడిగా పరిమితి పెడతాయి. గది అద్దె పరిమితి ఉన్న పాలసీలో ఖరీదైన గది తీసుకుంటే, సర్జన్ ఫీజు సహా ఇతర చార్జీలకు కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది.

నేను చూసిన తిరస్కరణలలో చాలావాటికి కారణం రోగికి అర్హత లేకపోవడం కాదు, కాగితంలో ఆధారం లేకపోవడం. ఎత్తు, బరువు, బీఎంఐ కేస్ షీటులో తేదీతో సహా ఉండాలి. నిద్ర పరీక్ష నివేదిక, గత ఏడాది హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) ఫలితాలు, ఆహార నియమాలు ప్రయత్నించి విఫలమైన వైనం, ఎండోక్రినాలజిస్టు (మధుమేహం, హార్మోన్ల నిపుణుడు) లేఖ జతచేసి, చేరడానికి ముందే క్యాష్‌లెస్ ఆమోదం రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రి ఇచ్చే ప్యాకేజీలో స్టాప్లర్ కార్ట్రిడ్జిలన్నీ కలిసి ఉన్నాయా, కుట్ల దగ్గర లీకై మళ్లీ చేరవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది అన్నది కూడా రాయించుకోవాలి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చిలో అందుబాటులోకి వచ్చింది, సెమాగ్లూటైడ్ దానికి తోడైంది. ఇవి బాగా పనిచేస్తాయి, కానీ మానేస్తే తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది, నెలనెలా ఖర్చంతా జేబులోంచే. శస్త్రచికిత్స వద్దనుకునేవారికి, మత్తుమందు ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఇవి మంచి దారి. మీ అన్నగారి ఎండోక్రినాలజిస్టుతో ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి.

ఇంత చెప్పాక, నా అభిప్రాయం ఏమిటంటే, బీమా చెల్లించేటట్లయితే ఈ శస్త్రచికిత్స చేయించండి. అది డబ్బు మిగులుతుందని కాదు. స్వీడన్ అధ్యయనంలో మధుమేహ రోగులలో కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినే సంఘటనలు శస్త్రచికిత్స బృందంలో ఏడాదికి వెయ్యి మందికి 20.6 కాగా, మరో బృందంలో 41.8, అంటే సగానికి తగ్గాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లే మనిషిని, అతడి వెంట పని మానుకుని తిరిగే కుటుంబ సభ్యుడిని చూసినవారికి ఆ సంఖ్య విలువ తెలుస్తుంది. గుండెకు స్టెంట్ వేసేటప్పుడు ఆ డబ్బు ఎన్నేళ్లలో తిరిగి వస్తుందని మనం అడగము. స్థూలకాయాన్ని తిండి మీద అదుపులేనితనంగా కాక, వ్యాధిగా చూస్తే ఇక్కడా ఆ ప్రశ్న అడగనక్కరలేదు. బీమా లేకపోతే, ముందు రెండు మూడు వేర్వేరు ఆసుపత్రులలో ధర కనుక్కోండి. ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చి మాత్రం చేయించవద్దు. తరువాతి అయిదేళ్లలో మళ్లీ ఆసుపత్రి అవసరం పడవచ్చన్నదే పైన చెప్పిన గణాంకాల సారం, అప్పటికి చేతిలో కొంత ఉండాలి.

శస్త్రచికిత్స చేయిస్తే, ఆ తరువాత పాలసీని ఒక్క ఏడాది కూడా ఆగనివ్వకండి. ఒకసారి రద్దయితే, జఠరానికి శస్త్రచికిత్స జరిగిన వ్యక్తిగా కొత్త పాలసీ దొరకడం కష్టం. డిశ్చార్జి సమ్మరీతో పాటు శస్త్రచికిత్స వివరాలున్న ఆపరేషన్ నోట్స్ ప్రతిని అడిగి తీసుకుని, దాని ఫొటో మీ అన్నగారి ఫోనులోనూ, వదినగారి ఫోనులోనూ ఉంచండి. ఏ ఊళ్లోనైనా, ఎన్నేళ్ల తరువాతైనా తీవ్రమైన కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్తే, బైపాస్ జరిగిందా, స్లీవా, ఏ పేగును ఎక్కడ కలిపారు అన్నది అక్కడి సర్జన్‌కు మొదటి పది నిమిషాల్లో తెలియాలి.